చౌక పెట్రోలుకు వెల కడుతున్నదెవరు?

కాకినాడ నుంచి అమలాపురం వెళ్లే బండ్లు చాలా వరకు యానాంలో పెట్రోలు బంకు దగ్గర ఆగుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోది కాబట్టి అక్కడ పన్ను చాలా తక్కువ. లీటరు దగ్గర పది రూపాయలకు పైనే మిగులుతుంది. ఆ వరుసలో మేమూ నిలబడ్డాము. తప్పు చేసినట్టు మాకెన్నడూ అనిపించలేదు. కాని ఆ మిగిలిన డబ్బు ఎవరి లెక్కలో పడుతోందో ఇప్పుడు ఆలోచించాలి.

యానాం చిన్న ఊరు. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లకు మించదు. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది. నడిచి, సైకిలు తొక్కి పనులు చక్కబెట్టుకోగల ఊరు. గౌతమీ గోదావరి మీద 2002లో బాలయోగి వారధి వచ్చాక పంటు కోసం రేవులో కాచుకునే బాధ తప్పింది. రోగులకు, విద్యార్థులకు అది నిజంగా మేలు. అయితే అదే వంతెన మీదుగా 216వ జాతీయ రహదారి వాహనాలన్నీ ఊళ్లోకి వచ్చాయి. నిన్నటి దాకా నడిచేవాళ్లదైన దారి నేడు బండ్లదైంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశ రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు కాలినడకన వెళ్తున్నవారే. 2019-21 నాటికి మన దేశంలో కారున్న ఇళ్లు వందకు ఎనిమిది కూడా లేవు. అంటే బండి లేనివాడు, బండి ఉన్నవాడి తొందరకు ప్రాణం పెట్టి వెల కడుతున్నాడు. చేపల గంప నెత్తిన పెట్టుకొని రోడ్డు దాటే తల్లి, బడికి సైకిలు మీద వెళ్లే పిల్ల, వెలుగు లేని చోట నడిచే కూలీ: వీరెవరూ బంకు దగ్గర వరుసలో లేరు.

సృష్టి కూడా వెల కడుతోంది. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. యానాం పక్కనే కోరింగ మడ అడవులున్నాయి. తుపాను వచ్చినప్పుడు తీరానికి అవే అడ్డుగోడ. 1996 నవంబరు తుపానును ఈ తీరంలోని మత్స్యకార కుటుంబాలు మరచిపోలేదు. 2022 జూలైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చింది. ఈ విపత్తులకు కార్లే కారణమని మేము అనడం లేదు. కాని భూమి వేడెక్కేకొద్దీ సముద్రమట్టం పెరుగుతుంది, పెనువానలు ఎక్కువవుతాయి. అప్పుడు ముందుగా మునిగేది ఏటిగట్టు పాకలే. అందులో ఉండేవారు కారు ఎక్కి ఎరుగరు.

మంచి సమరయుని ఉపమానం జరిగినది దారి మీదనే. అతనికీ ఒక వాహనం ఉంది. గాయపడినవానిని దాని మీద ఎక్కించి, సత్రానికి తీసుకొనివెళ్లాడు. వాహనం ఉండడం పాపం కాదని, అది ఎవరికి ఉపయోగపడుతోందన్నదే ప్రశ్న అని ఆ కథ మనకు నేర్పుతుంది. కాబట్టి వృద్ధులకు, రోగులకు, వికలాంగులకు బండి కావాలి. ఆటో నడిపి ఇల్లు పోషించుకునే సహోదరుని బ్రతుకు కూడా నిలవాలి. కిలోమీటరు దూరానికి ఒక్కరే కారులో వెళ్లే అలవాటు మాత్రం మారాలి.

ఆ మార్పు మందిరం నుంచే మొదలుకావాలి. ఫ్రెంచివారి కాలం నాటి చర్చి ఉన్న యానాంలో గానీ, మన ఊళ్లలో గానీ, ఆదివారం ఆరాధనకు నడవగలిగినవారు నడిచి రావాలి. కారున్నవారు నడవలేని పొరుగువారిని ఎక్కించుకొని రావాలి. మందిరం ఆవరణలో కార్లకు ఇచ్చే నీడలో సగం సైకిళ్లకు ఇద్దాము.

యౌవనస్థులారా, మీకు ఇంకో పని ఉంది. మీ వీధిలో పాదచారుల బాట ఎక్కడ లేదో, బడి ముందు ఎక్కడ దీపం వెలగడం లేదో, బస్సు ఎన్ని గంటలకొకసారి వస్తుందో మీరే తిరిగి రాసుకోండి. ఆ కాగితం అధికారుల ముందు, ప్రజాప్రతినిధుల ముందు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ప్రభుత్వాలు తలచుకుంటే చేయగలవు. ఇంధనం మీద వచ్చే పన్నులో కొంత వాటా కాలిబాటలకు, బస్సులకు కేటాయించాలని ఇటు పుదుచ్చేరిని, అటు ఆంధ్రప్రదేశ్‌ను మనం అడగాలి.

మళ్లీ యానాంలో బంకు ముందు ఆగినప్పుడు, రోడ్డు దాటలేక అంచున నిలబడిన మనిషి కనిపిస్తే, మనకు మిగిలిన పది రూపాయలు ఎక్కడ నుంచి వచ్చాయో గుర్తుచేసుకుందాము. ఆ మనిషి మన పొరుగువాడు. ముందు అతన్ని దాటనిద్దాము.