“సేకరణ” అని వేస్తే సరిపోతుందా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో “మీకు తెలుసా?” అనే పేజీ తప్పకుండా ఉంటుంది. ఒకప్పుడు ఆ ముక్కలు పాత వారపత్రికల నుంచి వచ్చేవి, ఇప్పుడు ఫోన్ల నుంచి వస్తున్నాయి. వింత బొమ్మలు, సైన్సు విశేషాలు, సినిమా సంగతులు అన్నీ వస్తాయి. వాటిని చూడటమే దండగ అనే పెద్దలతో మేము ఏకీభవించం. మా అభ్యంతరం వేరే. ప్రతి ముక్క కింద “సేకరణ” అని తెచ్చిన విద్యార్థి పేరు, తరగతి వేస్తాం. దానికోసం చెమటోడ్చిన మనిషి పేరు ఎక్కడా ఉండదు.

ఒక బొమ్మ సంగతి చూడండి. నల్లటి టీషర్టు మీద తెల్లటి గీతలు ఒకదాని కింద ఒకటి, నడుమ కొండల వరుసలా లేచి ఉంటాయి. ఇంటర్నెట్‌లో ఎప్పుడో ఒకప్పుడు మీరూ చూసే ఉంటారు. అది జాయ్ డివిజన్ అనే ఇంగ్లండు రాక్ బృందం 1979లో తెచ్చిన ‘అన్‌నోన్ ప్లెజర్స్’ ఆల్బమ్ అట్టమీది బొమ్మ. ఒక ఖగోళశాస్త్ర విజ్ఞాన సర్వస్వంలో ఉన్న పటాన్ని తీసుకుని, పీటర్ సావిల్ అనే డిజైనర్ నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా మార్చారు. ఆ తర్వాత అది చొక్కాల మీదికి, కప్పుల మీదికి ఎక్కింది.

నిజానికి ఆ గీతలు ఒక నక్షత్రం పంపిన సంకేతాలు. సీపీ 1919 అనే పల్సార్ తన చుట్టూ తాను తిరుగుతూ సుమారు 1.337 సెకన్లకు ఒకసారి రేడియో స్పందన పంపుతుంది. అలా వరుసగా వచ్చిన 80 స్పందనలను ఒకదాని కింద ఒకటి పేర్చితే ఆ బొమ్మ అయింది. పేర్చింది కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి హెరాల్డ్ క్రాఫ్ట్. ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపుతో పనిచేసి, 1970లో ఇచ్చిన తన థీసిస్‌లో దాన్ని పెట్టారు. అది ఆల్బమ్ అట్ట మీదికి ఎక్కిన సంగతి ఎవరో చెబితేనే ఆయనకు తెలిసింది. దుకాణానికి వెళ్లి సొంత డబ్బుతో ఒకటి కొనుక్కున్నారు! 2015లో ఒక సైన్సు పత్రిక కళా సంపాదకురాలు వెతికి పట్టుకునేదాకా ఆ బొమ్మ ఎవరిదో చాలామందికి తెలియదు. ఆ గీతల మీద సిరాతో దిద్దింది డ్రాయింగు విభాగంలోని ఒక మహిళ అని క్రాఫ్ట్ చెప్పారు. ఆయన మాటల్లో కూడా ఆమె పేరు లేదు.

అసలు ఆ పల్సార్‌ను మొదట గుర్తించింది కూడా విద్యార్థినే. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే 24 ఏళ్ల అమ్మాయి. టెలిస్కోపు కట్టడంలో తోటివారితో కలిసి స్తంభాలు పాతింది, తీగలు లాగింది. తర్వాత రోజుకు దాదాపు 100 అడుగుల కాగితంపై వచ్చే రికార్డును కళ్లతో చదివింది. అందులో చిన్న గజిబిజి గీత కనబడితే వదిలేయలేదు. 1974లో ఆ ఆవిష్కరణకు నోబెల్ బహుమతి ఆమె గురువుగారు ఆంటోనీ హెవిష్‌కు వచ్చింది. ఆయనతో పాటు మార్టిన్ రైల్‌కూ వచ్చింది గానీ ఆమెకు రాలేదు. పరిశోధక విద్యార్థులకు నోబెల్ ఇవ్వడం సాధారణంగా తగదని ఆమే అన్నారు. అది ఆమె పెద్దమనసు. మేము మాత్రం ఒప్పుకోం. 2018లో వేరే బహుమతి కింద 30 లక్షల డాలర్లు వస్తే, ఆ మొత్తాన్నీ చదువుల్లో వెనుకబడిన వర్గాల పరిశోధక విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు ఇచ్చేశారు. స్కాలర్‌షిప్పు డబ్బుల కోసం ఎదురుచూడటమంటే ఏమిటో తెలిసిన మనం ఈ ముక్కను “మీకు తెలుసా?” పేజీలో రెండు లైన్లకు కుదించగలమా?

దూరదేశపు సంగతి మనకెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. పీజీలో ప్రాజెక్టు అని చెప్పి ఎండలో ఊళ్లు తిరిగి, ఇంటింటికీ వెళ్లి ఫారాలు నింపింది మేము. వ్యాసం అచ్చయ్యేసరికి మా పేర్లు చివరన కృతజ్ఞతల్లో కూడా లేవు. ఇక మా అమ్మమ్మలు, నాయనమ్మలు నాట్లలో కైకట్టి పాడిన పాటలు క్యాసెట్లుగా వచ్చాయి, ఇప్పుడు ఫోన్లలో మోగుతున్నాయి. అట్టమీద రచన అన్నచోట “జానపదం” అని ఉంటుంది. జానపదం అంటే ఎవరు? ఫలానా ఊరి ఫలానా అవ్వ కాదా?

అందుకే సంపాదక వర్గానికి మా మనవి. వచ్చే సంచికకు ఎవరు ఏ ముక్క తెచ్చినా, అది ఎవరి పనో కనుక్కుని రాయమనండి. బొమ్మ అయితే గీసినవారి పేరు, పాట అయితే ఎవరి నోట విన్నామో ఆ మనిషి పేరు, ఊరు. పేరు దొరక్కపోతే “పేరు దొరకలేదు” అనే వేయండి. పేజీ నిండదని భయమైతే ఇరవై ముక్కలకు బదులు నాలుగే వేద్దాం. మొదటి ముక్కగా మా ఊళ్లలోని నాట్ల పాటలు రెండు, పాడినవారి పేర్లతో సహా, సంక్రాంతి సెలవుల్లో రాసుకుని తెచ్చే పూచీ మాది.