మార్పిడి తర్వాత మందు లెక్క

అవయవ మార్పిడి అనగానే శస్త్రచికిత్స నిపుణులే గుర్తొస్తారు. కొత్త కాలేయమో మూత్రపిండమో నిలబడడంలో మందుల మీద పరిశోధన చేసినవారి పాత్ర అంతకు తక్కువది కాదు. జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1984లో వేరుచేసిన టాక్రోలిమస్ అనే తిరస్కరణ నిరోధక మందును 1989లో పిట్స్‌బర్గ్‌లో థామస్ స్టార్జల్ బృందం రోగులకు తొలిసారి ఇచ్చింది. మోతాదు తగ్గితే శరీరం అవయవాన్ని తిరస్కరిస్తుంది. పెరిగితే ఆ మందే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పైగా దాన్ని కాలేయంలో, పేగుల్లో విచ్ఛిన్నం చేసే ఎంజైముల చురుకు అందరిలో ఒకేలా ఉండదు. సీవైపీ3ఏ5 అనే ఎంజైము పనిచేసేవారికి ప్రారంభ మోతాదు ఒకటిన్నర నుంచి రెండింతలు కావాలని పరిశోధకులు తేల్చారు. క్షయకు వాడే రిఫాంపిసిన్ రక్తంలో టాక్రోలిమస్‌ను అమాంతం తగ్గించేస్తుంది. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో ఇది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి.

ఈ ఎంజైము తేడాను పసిగట్టే జన్యుపరీక్షతో మోతాదు నిర్ణయించిన ప్రయోగాల్లో మందు సరైన స్థాయికి త్వరగా చేరినా తిరస్కరణలు తగ్గినట్టు తేలలేదు, మరి ఆ ఖర్చెందుకు అన్న అభ్యంతరం ఉంది. అది సబబే. అయితే ఆ ప్రయోగాల్లో రోగులందరికీ మందు స్థాయి చూసే రక్తపరీక్షలు క్రమం తప్పకుండా జరిగాయి. తేడా కనిపించకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. అందుకే మేం అడిగేది జన్యుపరీక్ష కాదు. అవయవదాన పథకమైన జీవన్‌దాన్ ద్వారా అవయవం పొంది ఊరు చేరిన రోగికి ఆ రక్తపరీక్షయినా దగ్గర్లో అందాలి. ప్రతి జిల్లాలో యంత్రం పెట్టక్కర్లేదు. ఉదయం మోతాదుకు ముందు తీసిన రక్తంలో మందు స్థాయి కొన్ని రోజులు మారదు గనుక, జిల్లా ఆసుపత్రి ఆ రక్తాన్ని పెద్ద ప్రయోగశాలకు పంపి, ఫలితాన్ని వైద్యుడికి చేర్చినా చాలు.