ఒంటి సంగతులు: మింగుడు కణం, అరగని దుమ్ము

పోయిన నెలలో రెండు ప్రశ్నలు వచ్చాయి. ఒక వదిన, "పిల్లగాడి కాలి కురుపు నుంచి చీము కారుతుంది, అసలు ఈ చీము ఎక్కడ పుడుతుంది?" అని అడిగింది. సాంచాల మీద పనిచేసే ఒక తమ్ముడు, "పాళీ దిగినంక కళ్లె నల్లగా పడుతుంది, భయపడాల్నా?" అని చిట్టీ రాసిండు. చూడటానికి ఈ రెండింటికీ సంబంధం లేదు. కానీ రెండింటి వెనకా ఉన్నది ఒకే రకం కణం. దాని పనే మింగడం. పుస్తకాల్లో భక్షక కణం అంటారు. మనం మింగుడు కణం అందాం, నోటికి తేలిక.

దీని కథ ఒక ముల్లుతో మొదలైంది. 1882 డిసెంబరు. ఇటలీలో సిసిలీ ద్వీపం, మెస్సీనా అనే రేవు పట్నం. ఇలియా మెచ్నికోవ్ అనే జంతుశాస్త్రవేత్త ఒడెస్సాలో ప్రొఫెసరు పని వదిలేసి, ఇంటివాళ్ళతో వచ్చి అక్కడ సముద్రం దగ్గర ఉంటున్నాడు. ఒకరోజు ఇంటిల్లిపాదీ సర్కసులో కోతుల ఆట చూడటానికి పోయారు. ఈయన ఒక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. దాని కింద ఉన్నది నక్షత్ర చేప పిల్ల. చిన్నప్పుడు దాని ఒళ్ళు గాజు లాగా ఉంటుంది, కోయకుండానే లోపలిదంతా కనబడుతుంది. లోపల కొన్ని కణాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఇవి ఒంటిని కాపాడే కణాలైతే, ఏదైనా ముల్లు దిగినప్పుడు దాని చుట్టూ చేరాలి గదా అని ఆయనకు తట్టింది. తోటలోకి పోయి గులాబీ ముళ్ళు తెచ్చి ఆ పిల్లల చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదట. తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుంపుగా మూగి ఉన్నాయి.

మనకు వేలికి ముల్లు దిగినా అంతే గదా, చుట్టూ వాచి చీము పడుతుంది, అందులో వింతేముంది అంటారా? వింత ఏందంటే, ఆ పిల్లకు రక్తనాళాలు లేవు, గుండె లేదు. ఎవరూ మోసుకొచ్చి పడేయలేదు. కణాలు తమంతట తాము నడిచి వచ్చాయి. అప్పట్లో చాలామంది డాక్టర్లు తెల్ల కణాల లోపల క్రిములు కనబడితే, క్రిములను ఒళ్ళంతా మోసుకు తిరిగేవి ఇవేనని వాటి మీదే నేరం మోపేవాళ్ళు. మెచ్నికోవ్ ఆ మాటను తిరగేశాడు. మోయడం కాదు, తింటున్నాయి అన్నాడు.

అంతకు ముందు 1862లోనే హెకెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక సముద్రపు నత్త జాతి ప్రాణి ఒంట్లోకి నీలిమందు ఎక్కించి చూశాడు. అవును, మన అద్దకం పనివాళ్ళకు తెలిసిన నీలిమందే. ఆ రంగు రేణువులు దాని రక్తకణాల లోపల తేలాయి. చూశాడు గానీ, ఒళ్ళు తనను తాను కాపాడుకునే తీరు ఇదేనని పట్టుకున్నది మెచ్నికోవ్. రెండేళ్ళకు, 1884లో, నీటి గుంటల్లో ఉండే డాఫ్నియా అనే చుక్కంత పురుగులో అసలు యుద్ధమే చూపించాడు. సూది లాంటి శిలీంధ్రపు బీజాలు ఆ పురుగు పేగును పొడుచుకొని ఒంట్లోకి దిగుతాయి. కణాలు వచ్చి వాటిని మింగితే పురుగు బతికింది, మింగలేకపోతే చచ్చింది. 1908లో ఆయనకూ పాల్ ఎర్లిఖ్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ మింగే విద్య చాలా పాతది. అమీబాకు ఇది తిండి తినే పద్ధతి. ఒక్క కణమే ప్రాణి, మింగకపోతే పస్తే. తర్వాత వచ్చిన పెద్ద జంతువుల్లో తిండి పని పేగులకు పోయింది, మింగే విద్య మాత్రం కాపలా కణాలకు మిగిలింది. పట్టుపురుగు నుంచి దోమ దాకా, పురుగుల రక్తంలోనూ ఇవి ఉన్నాయి. మింగడానికి పట్టనంత పెద్దది దొరికితే పురుగులు ఇంకో పని చేస్తాయి. కొన్ని కందిరీగలు గొంగళి పురుగు ఒంట్లో గుడ్డు పెడతాయి. ఒక్క కణానికి ఆ గుడ్డు మింగుడు పడదు. అప్పుడు కణాలన్నీ పొర మీద పొరగా దాని చుట్టూ అతుక్కొని గోడ కడతాయి. ఈ గోడ సంగతి మనసులో పెట్టుకోండి, మన ఊపిరితిత్తుల దగ్గర మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు వదిన ప్రశ్న. మన రక్తంలో న్యూట్రోఫిల్ అనే మింగుడు కణాలు ఉన్నాయి. ఎముకల మూలుగులో రోజుకు సుమారు 10,000 కోట్లు తయారవుతాయి. కురుపు దగ్గరికి ఇవి పరుగెత్తుకొస్తాయి. క్రిమికి రెండు పక్కలా తన పొరను చాచి, మనం అన్నం ముద్దను పిడికిట్లోకి తీసుకున్నట్టు మూసేస్తుంది కణం. క్రిమి ఒక సంచిలో పడుతుంది. ఆ సంచిలోకి అరిగించే రసాలు దిగుతాయి. ఇంకో తమాషా ఉంది. గుడ్డ తెల్లబడటానికి బ్లీచింగు ఖాతాలో వాడే మందులో ఏ పదార్థం పని చేస్తుందో, దాన్నే ఈ కణం లోపల కొద్దిగా తయారుచేసి క్రిమి మీద పోస్తుంది. తిన్న కణం కూడా ఎక్కువ కాలం బతకదు. చచ్చిన కణాలు, క్రిములు, కరిగిపోయిన కండ, అన్నీ కలిస్తే చీము. చీము పచ్చగా కనబడేది ఆ బ్లీచింగు పని చేసే ఎంజైము రంగు వల్లనే.

ఇంట్లో కోళ్ళు పెంచేవాళ్ళు ఒకటి గమనించే ఉంటారు. కోడి పాదంలో పుండు పడితే చీము కారదు, పన్నీరు ముక్క లాగా గట్టి గడ్డ కడుతుంది. కోడికి మన లాంటి న్యూట్రోఫిల్ లేదు, దాని తమ్ముడు లాంటి వేరే కణం ఉంది. అందులో ఆ పచ్చ ఎంజైము లేదు. అందుకని పుండు నీరు కాదు.

ఒక్కోసారి క్రిమి నున్నగా జారిపోతుంది, కణానికి చిక్కదు. అప్పుడు రక్తంలోని కొన్ని పదార్థాలు, ముఖ్యంగా టీకా వేసినప్పుడు తయారయ్యే యాంటీబాడీలు, ఆ క్రిమికి అంటుకుంటాయి. ఉత్త అన్నం దిగని పిల్లగాడికి ముద్దలో పచ్చడి కలిపి పెడితే తిన్నట్టు, కణం గబగబా మింగేస్తుంది. 1903లో లండన్‌లో రైట్, డగ్లస్ అనే ఇద్దరు దీన్ని చూపించారు. టీకా ఎందుకని అడిగే అత్తమ్మలకు ఈ పచ్చడి మాట చెప్పండి, అర్థమవుతుంది.

ఇక తమ్ముడి ప్రశ్న. ఊపిరితిత్తుల చివర 30 కోట్లకు పైగా బుడగల్లాంటి గాలి గదులు ఉన్నాయి. పెద్ద నూగు ముక్కులోనే ఆగుతుంది. లోపల గొట్టాల్లో పడ్డదాన్ని జిగురు పట్టుకుంటుంది, సన్నని వెంట్రుకల లాంటివి ఆ జిగురును పైకి, గొంతు దాకా తోస్తాయి. కంటికి కనబడని సన్న నుసి మాత్రం గాలి గదుల దాకా పోతుంది. అక్కడ వెంట్రుకలు లేవు. అక్కడి పారిశుధ్య పని అంతా మాక్రోఫేజ్ అనే పెద్ద మింగుడు కణానిది. ఇది న్యూట్రోఫిల్ లాగా తొందరగా చావదు, నెలల తరబడి ఉంటుంది. నుసిని మింగి, మెల్లగా పాకి, ఆ జిగురు దారి ఎక్కుతుంది. పాళీ దిగినంక పడే నల్ల కళ్లెలో జిగురుకు చిక్కిన దుమ్మూ ఉంది, దుమ్ము మింగిన ఈ కణాలూ ఉన్నాయి. కాబట్టి తమ్ముడా, ఆ నలుపు ఒక్కటే రోగం కాదు, ఊడ్చే పని నడుస్తుందని అర్థం. ఊడ్చడానికి అంత చెత్త రోజూ ఎందుకు వస్తుందనేది అసలు అడగాల్సిన ప్రశ్న. బీడీ, సిగరెట్ పొగ ఆ వెంట్రుకలను చచ్చుబడేస్తుంది. దుమ్ములో పని చేసి పైన బీడీ తాగడమంటే, చెత్త పెంచి చీపురు విరవడమే.

మింగినదల్లా అరగదు. మన ముసలమ్మల చేతుల మీద పచ్చబొట్టు చూడండి. యాభై ఏళ్ళయినా పోదు. ఎందుకంటే ఆ రంగును చర్మంలోని మాక్రోఫేజ్ మింగి కూర్చుంటుంది, అరిగించలేదు. 2018లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు: రంగు మింగిన కణం చచ్చినప్పుడు రంగు బయట పడుతుంది, పక్కన పుట్టిన కొత్త కణం దాన్ని మళ్ళీ మింగుతుంది. అట్లా చేతులు మారుతూ పచ్చబొట్టు అక్కడే ఉంటుంది. దానివల్ల అమ్మమ్మకు నష్టమేమీ లేదు.

అదే ఆట రాతి నుసితో ఆడితే ప్రాణాంతకం. రాళ్ళు కొట్టే చోట, టైల్స్ కోసే చోట లేచే సిలికా నుసిని మాక్రోఫేజ్ మింగుతుంది. ఆ పలుకు లోపలి రసాల సంచిని చించుతుంది. కణం చస్తుంది, పలుకు బయట పడుతుంది, ఇంకో కణం మింగుతుంది, అదీ చస్తుంది. చచ్చే ప్రతి కణమూ కేకలు వేసినట్టు రసాయనాలు వదులుతుంది. ఊపిరితిత్తిలో గాయం మానిన మచ్చ లాంటి గట్టి గడ్డలు కడతాయి. అదే సిలికోసిస్. బట్టల పనిలో ఇది ఎక్కడిది అనకండి. టర్కీలో జీన్స్ పాంట్లు పాతవాటిలా కనబడాలని గాలి ఒత్తిడితో ఇసుక కొట్టించేవాళ్ళు. ఆ పని చేసిన పడుచు కుర్రాళ్ళకు కొద్ది ఏళ్ళలోనే సిలికోసిస్ వచ్చింది, చచ్చిపోయినవాళ్ళూ ఉన్నారు. 2009లో ఆ దేశం ఆ పద్ధతిని నిషేధించింది.

ఆస్బెస్టాస్ పోగుది ఇంకో రకం ఇబ్బంది. అది కణం కన్నా పొడుగు. కణం ఒక కొస మింగుతుంది, రెండో కొస బయటే ఉంటుంది, నోరు మూతపడదు, లోపలి రసాలు బయటికి కారి పక్క కండను కాలుస్తాయి. మన బస్తీల్లో చాలా ఇళ్ళ మీద ఉన్న పాత సిమెంటు రేకుల్లో ఉన్నది ఇదే పోగు. రేకు కదలకుండా పైన ఉన్నంతసేపు భయం తక్కువ. పొడిగా రంపంతో కోయడం, విరిగిన ముక్కల పొడిని చీపురుతో ఊడవడం మాత్రం వద్దు. నీళ్ళు చల్లి తడి గుడ్డతో ఎత్తండి.

టీబీ క్రిమిని బెర్లిన్‌లో కోఖ్ ప్రకటించింది 1882 మార్చి 24న, ముల్లు ప్రయోగం జరిగిన ఏడాదే. ఆ క్రిమి మోసగాడు. మాక్రోఫేజ్ మింగుతుంది, కానీ రసాల సంచి వచ్చి కలవకుండా క్రిమి అడ్డుపడి, కడుపులోనే కాపురం పెడుతుంది. అప్పుడు మిగతా కణాలు చుట్టూ మూగి గోడ కడతాయి, గొంగళి పురుగులో కందిరీగ గుడ్డు చుట్టూ కట్టినట్టే. చాలామందిలో ఆ గోడ జీవితాంతం నిలుస్తుంది. తిండి లేక, షుగర్ వల్ల, లేదా సిలికా దుమ్ముతో కణాలు దెబ్బతిని గోడ బలహీనపడితే రోగం లేస్తుంది. రాతి దుమ్ములో పనిచేసేవాళ్ళకు టీబీ ఎక్కువగా రావడానికి ఒక కారణం ఇది. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే సర్కారు దవాఖానలో కళ్లె పరీక్ష చేయించాల్సిందే. పరీక్షకూ మందులకూ పైసలు అడగరు.

దూది దుమ్ము ఈ వేటి లాంటిదీ కాదు. దూది పోగు ఊపిరితిత్తిలో మచ్చ కట్టడం కన్నా, పత్తితో పాటు వచ్చే క్రిముల పొర ముక్కలు ఎక్కువ గొడవ చేస్తాయి. మాక్రోఫేజ్ వాటిని తాకగానే క్రిముల దాడి జరిగిందనుకొని అలారం కొడుతుంది. గొట్టాలు బిగుసుకుంటాయి. సెలవు గడిచి పనిలోకి వచ్చిన మొదటి రోజే ఛాతీ పట్టేసినట్టు ఉండటం, రెండో రోజుకు తగ్గడం, ఇది బిస్సినోసిస్ మొదటి గుర్తు. బ్లో రూమ్, కార్డింగు ఖాతాల్లో దుమ్ము ఎక్కువ కాబట్టి అక్కడ ఎక్కువ. ఏళ్ళు గడిస్తే వారమంతా అట్లే ఉంటుంది, తర్వాత పని మానినా పూర్తిగా పోదు. మొదట్లోనే దుమ్ము తగ్గిస్తే మనిషి బాగుపడతాడు.

బెల్లం సంగతి రాయకపోతే నన్ను ఊరుకోరు. బెల్లం తింటే దూది కిందికి దిగుతుందని మన గిర్నీల్లో ఎప్పటి నుంచో నమ్మకం. బెల్లం పోయేది పొట్టలోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి, రెండు దారులూ గొంతు దగ్గరే విడిపోతాయి. లక్నోలోని పరిశోధన కేంద్రంవాళ్ళు ఎలుకలకు బెల్లం పెట్టి చూసి, దుమ్ము బయటికి పోవడంలో కొంత మేలు కనబడిందని 1994లో రాశారు, నిజమే. కానీ ఎలుకల ప్రయోగాన్ని పట్టుకొని, దుమ్ము లాగే ఫ్యాన్ పెట్టకుండా సేటు బెల్లం ముక్క చేతిలో పెడితే ఒప్పుకోవద్దు. తినండి, రుచిగా ఉంటుంది.

బిస్సినోసిస్, సిలికోసిస్ రెండింటినీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తప్పకుండా తెలియజేయాల్సిన రోగాల పట్టికలో చేర్చింది. 1923 నాటి కార్మికుల నష్టపరిహారం చట్టం పట్టికలోనూ ఉండేవి. చిక్కు ఎక్కడంటే, పది మంది కూడా లేని షెడ్లకు ఫ్యాక్టరీల చట్టం వర్తించలేదు. సాంచాలు ఎక్కువగా ఉన్నది అట్లాంటి షెడ్లలోనే. అందుకని కాగితాలు మనమే జాగ్రత్త చేసుకోవాలి: ఏ ఖాతాలో ఎన్నేళ్ళు, హాజరు చిట్టీ, ఎక్స్‌రే. దవాఖానకు పోయినప్పుడు "దగ్గు" అని ఆగిపోకుండా ఏం పని చేస్తారో చెప్పండి. సెలవు తర్వాత మొదటి పాళీకి ముందూ, దిగినంకా గొట్టంలో ఊది చూసే పరీక్ష చేయించమని అడగండి. ఆ రెండు అంకెల తేడా డాక్టరుకు చాలా చెబుతుంది.

వచ్చే నెల షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండ్ల గురించి. ప్రశ్నలు ఉంటే చిట్టీ మీద మీ పని కూడా రాసి పంపండి.