మడిలోకి దిగిన సైన్యం

నెక్కొండలో రైలెక్కితే కాసేపట్లో వరంగల్, ఒకప్పటి ఓరుగల్లు. అక్కడి కోట చూసొచ్చిన పిల్లలు అడిగేది ఒకటే: ఇంత కోట ఎట్లా ఓడిపోయింది? పెద్దల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఫలానా కులపోళ్లు చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడికి చెయ్యిచ్చారని. ఈ మాట నేను ఒప్పుకోను. పిల్లల చెవిన వేయడం అన్యాయం కూడా.

కాకతీయులు తమ శాసనాల్లో ఎక్కువసార్లు చతుర్థ కులస్థులమనే చెప్పుకున్నారు. సైన్యానికి మనుషుల్ని ఏరుకున్నప్పుడూ పుట్టుక కంటే పనితనమే చూశారు. శాసనాలన్నీ జల్లెడ పట్టిన చరిత్రకారిణి సింథియా టాల్బట్, నాయక బిరుదు ఏ ఒక్క కులం సొత్తూ కాదని తేల్చారు. ఈ నాయకులను రాజుకు కట్టిపడేసింది నాయంకరం అనే పద్ధతి. రాజు ఊళ్లు ఇస్తాడు. ఆ ఊళ్ల రాబడితో నాయకుడు బంట్లను, గుర్రాలను పోషించి, కబురు రాగానే కోట ముందు నిలబడాలి. అంటే పంట పండితేనే సైన్యం. మనకు దగ్గర్లోని పాఖాల చెరువును గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో, జగదాళ ముమ్మడి కట్టించాడు. 1213లోనే సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడి నిలబెట్టాడు. కత్తి పట్టినవాళ్లూ కట్ట పోయించినవాళ్లూ ఒక్క కొలువు వాళ్లే.

సైన్యాన్ని భూమితో ముడిపెట్టింది కాకతీయులొక్కరే కాదు. రోమన్లూ మొదట దున్నుకునే రైతులతోనే సైన్యం కట్టారు. రానురాను సిపాయిలు రోమ్ నగరాన్ని వదిలి, భూమి ఇప్పించే సేనాపతినే నమ్ముకున్నారు. క్రీ.శ. 476లో ఇటలీలోని కూలి సైన్యం భూముల్లో వాటా అడిగింది. కాదనేసరికి ఓడోయకర్‌ను ముందు పెట్టుకుని బాల చక్రవర్తి రోములస్‌ను గద్దె దించింది.

ఓరుగల్లులో అట్లాంటి తిరుగుబాటు జరగలేదు. కోటలోనూ లోపం లేదు. దర్వాజా దగ్గర ఒకసారి నిలబడి చూడండి. దారి నేరుగా లోపలికి పోదు, మలుపులు తిరుగుతుంది. ఏనుగులూ గుర్రాలూ ఒక్క ఊపున దూసుకురాకుండా అట్లా కట్టారు. గోడ లోపలివైపు పొడుగునా మెట్లు, బంట్లు ఎక్కడ అవసరమైతే అక్కడ పైకెక్కడానికి. 1310లో ఢిల్లీ సేనాపతి మాలిక్ కాఫర్ బయటి మట్టికోట దాటాడు గానీ లోపలి రాతికోట దాటలేకపోయాడు. కప్పం పుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ముట్టడించినప్పుడు, ఢిల్లీలో సుల్తాను పోయాడన్న పుకారుకే అతని దండు చెదిరి దేవగిరికి మళ్లింది.

అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. గండం గడిచిందని ఓరుగల్లు వాళ్లు అనుకున్నారు. ధాన్యపు కొట్లు ఖాళీ చేశారని, బంట్లు సేద్యానికి ఊళ్లకు మళ్లారని చరిత్రకారులు రాశారు. వాళ్లది ద్రోహం ఎట్లా అవుతుంది? పొలం పండకపోతే మరుసటి ఏడు సైన్యమే లేదు. కొన్ని నెలలకే ఉలుగ్ ఖాన్ కొత్త బలగంతో వచ్చిపడ్డాడు. 1323లో కోట పోయింది. బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుండగా ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడు.

ద్రోహులని మనం నిందించే ఆ నాయకుల వర్గమే మళ్లీ ఒక్కటైంది. ముసునూరి కాపయ నాయకుడి వెంట 75 మంది నాయకులు నిలిచారని కలువచేరు శాసనం చెబుతోంది. 1336 నాటికి ఓరుగల్లు వాళ్ల చేతికొచ్చింది. అయితే పద్ధతి మారలేదు, ఎవరి ఊళ్లు వాళ్లవి, ఎవరి బంట్లు వాళ్లవి. ఢిల్లీకి లొంగని కాపయ, 1368 ప్రాంతంలో భీమవరం దగ్గర రేచర్ల నాయకులతో పోరులో నేలకొరిగాడు.