మెల్‌బోర్న్ వెళ్తున్నారా? కిటికీ చూసి రాకండి!

ఒకప్పుడు మన నర్సీపట్నంలో అమ్మాయి పురుడంటే పుట్టింటికి తీసుకురావడమే. ఇప్పుడు కాలం తిరగబడింది. అమ్మే పెట్టె సర్దుకుని అమ్మాయి ఉన్న దేశానికి వెళ్లాల్సి వస్తోంది. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు దాదాపు 60 వేల మంది. వారిలో మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డవారు తక్కువేమీ కాదు.

వెళ్లి వచ్చినవారిని "ఊరెలా ఉంది వదినా?" అని అడిగితే, "ఏం చూశాను? వంటిల్లు, పసిబిడ్డ, కిటికీ!" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అంత డబ్బు పోసి, సముద్రాలు దాటి, కిటికీ చూసి రావడం న్యాయమేనా చెప్పండి? బాలింతకు సాయం చేయాల్సిందే. కానీ ముందుగా ఆలోచించుకుంటే ఆ సాయమూ అందుతుంది, ఊరూ చూడొచ్చు.

కాగితాలు: పాస్‌పోర్టు చేతికొచ్చాక విజిటర్ వీసాకు దరఖాస్తు చేయాలి. దీన్ని 600 నంబరు వీసా అంటారు. 75 ఏళ్లు, ఆపైన ఉన్నవారికి వైద్య పరీక్ష కూడా ఉంటుంది కనుక చివరి క్షణం దాకా ఆగకండి. వీసా వచ్చాక ఎన్ని నెలలు ఉండవచ్చో, ఏ షరతులున్నాయో పిల్లల చేత చదివించుకుని స్వయంగా తెలుసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం ఆరోగ్య బీమా. అక్కడి ప్రభుత్వ వైద్యం మనలాంటి సందర్శకులకు ఉచితం కాదు. కాలు జారి పడి ఆసుపత్రిలో చేరితే ఆ బిల్లు అల్లుడి నెత్తిన పడుతుంది. బీపీ, షుగరు ఉంటే బీమా కాగితంలో దాచకుండా రాయించండి. మందులు 3 నెలలకు సరిపడా, కొన్న పెట్టెల్లోనే, డాక్టరు గారి చీటీతో సహా పట్టుకెళ్లండి. మాత్రలన్నీ ఒకే డబ్బాలో పోయడం వద్దు సుమా!

పెట్టెలో ఏముండాలి: ఇక్కడే మన ఆడవాళ్లం ఎక్కువగా చిక్కుల్లో పడేది. ఆస్ట్రేలియా వారు తమ పంటలకు, పశువులకు తెగుళ్లు రాకూడదని చాలా కట్టుదిట్టంగా ఉంటారు. పచ్చి కరివేపాకు, పళ్లు, కూరగాయలు, మొలకెత్తే విత్తనాలు పనికిరావు. పాలకోవా, నెయ్యి కూడా వద్దు. మన దేశంలో పశువులకు గాలికుంటు వ్యాధి ఉంది కనుక పాల సరుకుల మీద వాళ్లకు భయం. ఆవకాయ, బాలింత కాయం, కారప్పొడి... ఏది పట్టుకెళ్లినా దిగేముందు నింపే కార్డులో తినుబండారాలు ఉన్నాయని రాయండి. రాసి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు, జరిమానా ఉండదు. దాచి దొరికితే మాత్రం పెద్ద జరిమానా. 2019 నుంచి వీసానే రద్దు చేసే అధికారం కూడా వారికుంది. మనవడికి ఏటికొప్పాక లక్కబొమ్మలు పట్టుకెళ్లాలని ఎవరికుండదు? అవి కర్రవి కనుక వాటినీ కార్డులో రాయండి. చెప్పులకు మట్టి లేకుండా కడగండి. అక్కడ ఇండియన్ షాపుల్లో పప్పులూ పచ్చళ్లూ దొరుకుతాయి, బెంగ వద్దు.

బట్టల మాట. అక్కడ కాలాలు మనకు తలకిందులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలం, జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. లంబసింగి చలి చూసినవారు ఆ చలికి జడవరు గానీ, ఒక్క రోజులోనే ఎండ, వాన, చలిగాలి అన్నీ వచ్చే ఊరది. ఎండాకాలంలోనైనా స్వెట్టరు ఒకటి చేతిలో ఉండాల్సిందే. డిసెంబరులో రాత్రి ఎనిమిదిన్నర దాటినా వెలుగు ఉంటుంది. ఇక్కడివారికి ఫోను చేసేటప్పుడు గుర్తుంచుకోండి, వారి గడియారం మనకంటే నాలుగున్నర గంటలు ముందు, అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా అయిదున్నర గంటలు ముందు.

ఏం చూడాలి: ఊరి నడిబొడ్డున ట్రామ్ ఎక్కితే టిక్కెట్టు లేదు! ఆ ఉచిత హద్దు దాటితే మైకీ కార్డు కావాలి. 1878 నుంచి నడుస్తున్న క్వీన్ విక్టోరియా మార్కెట్ మన సంతలాగే కళకళలాడుతుంది. సోమ, బుధవారాలు సెలవు. స్టేట్ లైబ్రరీలో 1913లో కట్టిన గుండ్రటి గుమ్మటం కింద పుస్తకాల గది చూసి తీరాలి. నేషనల్ గ్యాలరీలో పెద్ద హాలు పైకప్పంతా రంగురంగుల గాజే. జనం నేల మీద పడుకుని మరీ చూస్తారు, మీరూ మొహమాటపడకండి. ఈ రెండింటికీ మామూలుగా ప్రవేశ రుసుము లేదు. కారమ్ డౌన్స్‌లోని శివ విష్ణు ఆలయం ఊరికి దాదాపు 40 కిలోమీటర్లు. శివకేశవులిద్దరూ ఒకే ప్రాంగణంలో కొలువైన గుడి అది.

ముందే చెప్పాల్సిన మాట: టిక్కెట్టు కొనకముందే అమ్మాయితో, అల్లుడు గారితో ప్రేమగానే ఒక మాట అనండి. "వారంలో ఒక పూట నాది. బిడ్డను మీరు చూసుకోండి, నేను ఊరు చూసొస్తా." ఈ మాట అనడానికి మనకు నోరు రాదు. అక్కడికెళ్లాక అస్సలు రాదు. పిల్లలూ అమ్మకేం కావాలో అడగరు, చెడ్డవాళ్లై కాదు, మనం ఎన్నడూ చెప్పక. మొదటిసారి వారితో కలిసి ట్రామ్ ఎక్కండి, రెండోసారి మీవారితోనో, తోటి తెలుగు అమ్మలతోనో వెళ్లండి. ఇంటి అడ్రసు, ఫోను నంబరు ఇంగ్లీషులో రాసిన చీటీ సంచిలో ఉంచుకోండి. ఆపదకు అక్కడి నంబరు 000. ఆసుపత్రిలో భాష రాకపోతే "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడగండి. కాస్త డాలర్లు మీ చేతిలోనే ఉంచుకోండి. కాఫీ నీళ్లకు కూడా అల్లుడిని అడిగే అవసరం రాకూడదు కదా!

మనవడికి తలంటిన చేతులే, మర్నాడు ట్రామ్ కిటికీ పక్కన హాయిగా ఒళ్లో చేరి కూర్చోవచ్చు. అందులో తప్పేమీ లేదు. క్షేమంగా వెళ్లి లాభంగా రండి!