ఉంగరం అబద్ధమాడకూడదు

నిశ్చితార్థపు ఉంగరంలో పొదిగే రవ్వ గనిలోంచి తీసినదే అయి ఉండాలా? ప్రయోగశాలలో చేసినదైనా పరవాలేదా? పదిహేనేళ్ల కిందట మన సంఘాల్లో ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు. ఇవాళ అమెరికాలో పెళ్లి కుదుర్చుకుంటున్న జంటల ఉంగరాల్లో దాదాపు సగం ప్రయోగశాల వజ్రాలేనని అక్కడి సర్వేలు చెబుతున్నాయి. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ప్రధానానికి ఆ ఉంగరాలే తెస్తున్నారు. హైదరాబాదు, విజయవాడ నగల దుకాణాల్లోనూ అవి దొరుకుతున్నాయి. దాంతో ఇళ్లలో కొత్త గుసగుస మొదలైంది. ‘ఇది అసలైనదేనా? చవక రాయి పెట్టి మా అమ్మాయిని చులకన చేశారా?’ అని ఆడపెళ్లివారు, ‘అంత డబ్బు పోసి గనిరాయే కొనాలా?’ అని మగపెళ్లివారు. ఇంతకీ విశ్వాసి ఏది కొనాలి?

ముందు ఒక అపోహ తొలగాలి. ప్రయోగశాల వజ్రం మనవాళ్లు ‘అమెరికన్ డైమండ్’ అనే జిర్కోనియా రాయి కాదు. అది వజ్రమే. గని వజ్రం భూగర్భంలో నూటయాభై కిలోమీటర్లకు పైగా లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనైన కర్బనం నుంచి కోట్లాది ఏళ్ల కిందట ఏర్పడింది. అగ్నిపర్వతాలు దాన్ని పైకి మోసుకొచ్చాయి. అదే వేడినీ ఒత్తిడినీ యంత్రంలో సృష్టించి 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ట్రేసీ హాల్ అనే శాస్త్రవేత్త వజ్రం తయారుచేశాడు. ఇప్పుడు మనదేశంలో ఎక్కువగా వాడే పద్ధతి వేరు. పలచటి వజ్రపు పలకను విత్తనంలా గదిలో ఉంచి, మీథేన్, హైడ్రోజన్ వాయువులను పంపి తీవ్రంగా వేడిచేస్తారు. వాయువులోని కర్బనం ఆ పలక మీద పొరలు పొరలుగా పేరుకుని కొన్ని వారాల్లో రాయి అవుతుంది. రెండు రకాలనూ పక్కపక్కన పెడితే కంటితో తేడా చెప్పలేం, ప్రత్యేక యంత్రాలు కావాలి.

అందుకే అమెరికా వాణిజ్య కమిషన్ 2018లో తన నిబంధనలు మార్చింది. వజ్రం నిర్వచనంలోంచి ‘సహజమైన’ అన్న మాట తీసేసింది. అయితే రాయి ప్రయోగశాలలో తయారైనదైతే ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా చెప్పి తీరాలన్న నియమాన్ని మాత్రం వదల్లేదు. వజ్రమని అనవచ్చు, ఎక్కడిదో దాచకూడదు. ఈ రెండు మాటలూ కలిపి గుర్తుపెట్టుకుంటే మన ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ధర కూలింది, ప్రశ్న పెరిగింది

ఒకప్పుడు ఈ రెండు రకాల ధరల్లో తేడా కొద్దిపాటిదే. గనివజ్రాల వ్యాపారంలో పేరుమోసిన డిబీర్స్ కంపెనీయే 2018లో ప్రయోగశాల వజ్రాలను కారట్ 800 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టింది. అంతే పరిమాణమున్న గనిరాయి అప్పట్లో వేల డాలర్లు పలికేది. ఆ తర్వాత సూరత్‌లోనూ చైనాలోనూ యంత్రాలు పెరిగాయి, ధరలు ఇంకా దిగాయి. 2025 మేలో డిబీర్స్ తన ప్రయోగశాల నగల వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. మనదేశం మాత్రం ఈ రంగాన్ని ప్రోత్సహిస్తోంది. 2023 బడ్జెట్ తర్వాత ఐఐటీ మద్రాసుకు ఐదేళ్ల పరిశోధనకు 242 కోట్ల రూపాయలు కేటాయించారు. అదే ఏడాది జూన్‌లో ప్రధాని మోదీ అమెరికా అధ్యక్షుడి సతీమణికి కానుకగా ఇచ్చిన ఏడున్నర కారట్ల వజ్రం గనిలోది కాదు, ప్రయోగశాలలో తయారైనదే.

ఇక్కడ విశ్వాసుల్లో రెండు వాదనలు వినిపిస్తున్నాయి. ‘గనివజ్రాల్లో నెత్తురుంది, కాబట్టి క్రైస్తవుడు ప్రయోగశాల రాయే కొనాలి’ అనేది మొదటిది. ‘దేవుడు భూమిలో దాచిన రాయే అసలైనది, మనిషి చేసినది నకిలీ’ అనేది రెండోది. రెండింటిలోనూ కొంత బలం ఉంది, కొంత తొందరపాటు కూడా ఉంది.

నెత్తురు మాట నిజమే. 1991 నుంచి 2002 దాకా సియెర్రా లియోన్‌లో సాగిన అంతర్యుద్ధంలో తిరుగుబాటుదారులు వజ్రాలమ్మి తుపాకులు కొన్నారు, అమాయకుల చేతులు నరికారు. ఆ ఘోరం చూసి ప్రపంచదేశాలు కదిలి, 2003లో కింబర్లీ ప్రక్రియ పేరిట ధ్రువపత్రాల విధానం తెచ్చాయి. కాని తిరుగుబాటుదారులు ప్రభుత్వాలపై యుద్ధానికి వాడుకునే ముడివజ్రాలే ఆ నిర్వచనం కిందికి వస్తాయి. 2008లో జింబాబ్వేలోని మరాంగే క్షేత్రాల్లో సైన్యమే రెండువందల మందికి పైగా తవ్వకందార్లను చంపిందని హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదించింది. చంపింది ప్రభుత్వ సైన్యం కాబట్టి అవి ‘ఘర్షణ వజ్రాలు’ కాకుండా పోయాయి. 2011లో ఆ వజ్రాల ఎగుమతికి అనుమతి కూడా లభించింది. ఈ విధానం కోసం మొదట పోరాడిన గ్లోబల్ విట్‌నెస్ సంస్థ అదే ఏడాది చివర్లో అందులోంచి తప్పుకుంది. పత్రం ఉన్నంతమాత్రాన రాయి పవిత్రమైపోదు.

అలాగని ప్రయోగశాల రాయి మచ్చలేనిదా? దాన్ని పెంచే యంత్రాలు రాత్రింబగళ్లు కరెంటు తాగుతాయి. మనదేశంలో కరెంటు ఇప్పటికీ ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది. గని తప్పిందనుకుంటే బొగ్గుగని ఎదురైంది!

బోట్స్వానా సంగతి కూడా ఆలోచించాలి. 1966లో స్వాతంత్య్రం వచ్చేనాటికి అది ప్రపంచంలోని నిరుపేద దేశాల్లో ఒకటి. మరుసటి ఏడాది ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి. ఆ ఆదాయంతో ఆ దేశం బడులు, ఆస్పత్రులు, రోడ్లు కట్టుకుంది. గనుల సంపద కొందరి జేబుల్లోకి కాక జనానికి అందిన అరుదైన ఉదాహరణ అది. ఇటీవల గనివజ్రాలకు గిరాకీ పడిపోయింది. ప్రయోగశాల వజ్రాల పోటీ అందుకు ఒక కారణం, అదొక్కటే కాదు. 2024లో బోట్స్వానా ఆర్థిక వ్యవస్థ దాదాపు మూడు శాతం కుంచించుకుపోయింది. 2025 ఆగస్టులో ఆస్పత్రుల్లో మందులు నిండుకుని అక్కడి అధ్యక్షుడు ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. ‘గనిరాయి కొనను’ అన్న మన నిర్ణయం వెనుక కూడా మనకు కనబడని ముఖాలున్నాయి.

ఇక సూరత్. ప్రపంచంలోని వజ్రాల్లో పదింట తొమ్మిది సానబట్టేది అక్కడే. గనిదైనా యంత్రానిదైనా రాయి ఆ కార్మికుల వేళ్ల మధ్యనుంచే వస్తుంది. గిరాకీ తగ్గి పనిగంటలు, కూలీ కోసుకుపోయాక అప్పులపాలై కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2024 జూలైలో అక్కడి కార్మిక సంఘం ఆత్మహత్యల నివారణకు సహాయ ఫోన్ నంబరు పెట్టింది. ఆ మరుసటి ఏడాది అమెరికా విధించిన 50 శాతం సుంకం గోరుచుట్టుపై రోకటిపోటు అయింది.

ఇది మనకు కొత్త కథ కాదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవైవేల మంది పనిచేసేవారని, వారిలో ఆడవారూ పిల్లలూ ఉండేవారని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. కోహినూరు అక్కడిదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ రాయిని ధరించిన రాజుల పేర్లు బడిపిల్లలకు కూడా తెలుసు. తవ్వినవారిలో ఒక్కరి పేరైనా మనకు తెలియదు. ఆ గని ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్లకింద ఉంది. కూలీలకు చెల్లని జీతం మొరపెడుతుందని, ఆ మొర దేవుని చెవులకు చేరుతుందని యాకోబు హెచ్చరించాడు (యాకోబు 5:4). మనుషులు మరిచిన పేర్లు ఆయన మరచిపోడు.

బైబిలు ఏమంటోంది?

ప్రధానానికి రవ్వల ఉంగరం ఉండాలని బైబిల్లో ఎక్కడా లేదు. నిజానికి ఆ ఆచారం ఇంతగా పాకడానికి కారణం 1947లో డిబీర్స్ కోసం రాసిన ఒక ప్రకటన వాక్యం. వజ్రం ఎన్నటికీ ఉంటుందని చెప్పి, పెళ్లి ప్రేమను దానికి ముడివేశారు. దేవుని వాక్యం చెప్పని దాన్ని వ్యాపార ప్రకటన చెబితే మనం ఆజ్ఞలా పాటిస్తున్నాం.

అయితే నగ ఇవ్వడమే తప్పని కాదు. ఇస్సాకుకు వధువును వెదకడానికి వెళ్లిన అబ్రాహాము దాసుడు రిబ్కాకు బంగారు ముక్కుకమ్మిని, కడియాలను ఇచ్చాడు. లేఖనం వాటి తూకం కూడా దాచలేదు: కమ్మి అరతులం, కడియాలు పది తులాలు (ఆది. 24:22). ఇచ్చినదెంతో అంతే రాసి ఉంది. మనిషి చేతిపని అంటే తక్కువచూపు కూడా లేఖనానికి లేదు. రాళ్లను సానబట్టి పొదిగే నేర్పు బెసలేలుకు దేవుని ఆత్మే ఇచ్చాడు (నిర్గమ. 31:1–5). కర్బనాన్ని సృష్టించినవాడు దేవుడు. దాన్ని వజ్రంగా మలిచే తెలివి కూడా ఆయన దానమే. కాబట్టి ప్రయోగశాల రాయిని నకిలీ అనడం తగదు.

మరి తప్పెక్కడ? అననీయ, సప్పీరాల కథలో ఉంది జవాబు (అపొ. కా. 5:1–11). భార్యాభర్తలిద్దరూ కలిసి పొలం అమ్మి, కొంత సొమ్ము దాచుకుని, మొత్తమిదేనన్నట్టు అపొస్తలుల ముందు పెట్టారు. పొలం వారిదే, అమ్మాక సొమ్మూ వారి చేతిలోదేనని పేతురు ఒప్పుకున్నాడు. తక్కువ తేవడం నేరం కాదు. తక్కువ తెచ్చి ఎక్కువ తెచ్చినట్టు చూపించడమే నేరం. సప్పీరాను పేతురు అడిగిన ప్రశ్న కూడా ధర గురించే! ఒక జంట ఒక ధర దగ్గర కలిసి ఆడిన అబద్ధం వారి ప్రాణం తీసింది.

ప్రధానపు ఉంగరానికి ఇంతకన్నా దగ్గరి పాఠం ఏముంటుంది? ప్రయోగశాల రాయి కొనడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దాన్ని గనిరాయిగా చెలామణీ చేయడంలోనే ఉంది సిగ్గంతా. ఇవాళ దాస్తే ఐదేళ్ల తర్వాత ఉంగరం బిగుతై సరిచేయించడానికి వెళ్లినరోజున దుకాణంవాడి నోట నిజం బయటపడుతుంది. అప్పుడు పోయేది రాయి విలువ కాదు, ‘ఇంకా ఏమేం దాచాడో’ అన్న అనుమానంతో భర్త మాట విలువ. ప్రయోగశాల వజ్రాల అంచున అవి ఎక్కడివో లేజరుతో చెక్కడం ఇప్పుడు వాడుకలో ఉంది. రాయి తన పుట్టుకను తన ఒంటిమీదే రాసుకుంటుంటే, దాచిపెట్టేది మనుషులే! యూదా పాపం వజ్రపు మొనతో హృదయాల మీదే చెక్కి ఉందన్నాడు యిర్మీయా (యిర్మీయా 17:1). అంత కఠినమైన రాయితో చెక్కిన అబద్ధం సులువుగా చెరగదు.

కొనే ముందు

పెళ్లి కుదిరిన ఇళ్లలో కొన్ని మాటలు ముందే జరగాలి. మొదటిది, అప్పుచేసి ఏ రాయీ కొనకూడదు. తొలి ఏడాది వడ్డీలు కట్టుకుంటూ గడిపే కొత్త జంటకు ఆ మెరుపు వెలుగునివ్వదు. రెండోది, ఏ రాయి కొంటున్నారో అమ్మాయికీ అబ్బాయికీ, ఇరువైపుల పెద్దలకూ తెలియాలి. పత్రం అందరి ముందూ ఉంచాలి. ‘మా ఇంటి పరువుకు ఇంత రాయి పెట్టాల్సిందే’ అని అడగడం కట్నం అడగడం లాంటిదే. మూడోది, గనిరాయి కొంటే అది ఏ దేశానిదని దుకాణంలో అడగాలి. అడిగేవారు పెరిగితేనే అమ్మేవారు జవాబు సిద్ధం చేసుకుంటారు.

నాలుగోది, వజ్రాన్ని బంగారంతో పోల్చుకోవద్దు. బంగారం కష్టకాలంలో ఆ రోజు ధరకు తూకం వేసి అమ్ముకోవచ్చు. వజ్రానికి ఆ వెసులుబాటు లేదు. ప్రయోగశాల రాయి తిరిగి అమ్మితే వచ్చేది బహుస్వల్పం, గనిరాయికి కూడా కొన్నంత రావడం అరుదు. ‘ఆస్తిగా ఉంటుందిలే’ అని మనకు మనం చెప్పుకోవడం కూడా ఒక అబద్ధమే. ఐదోది, ప్రయోగశాల రాయి కొనడంవల్ల మిగిలిన సొమ్ము ఎటు పోతోంది? అదే సొమ్ముతో ఇంకా పెద్ద రాయి కొంటే మిగిలిందేమీ లేదు, ఆడంబరమే పెరిగింది. అందులో కొంతైనా ఒక పేదింటి పిల్ల చదువుకు, ఒక రోగి మందులకు చేరితే ఆ ప్రధానం రెండిళ్లకు పరిమితం కాని దీవెన అవుతుంది.

మన సంఘాల్లో నగలే ముట్టని విశ్వాసులు ఎందరో ఉన్నారు. బైబిళ్లు మార్చుకుని ప్రధానం చేసుకుని, నిండునూరేళ్లు కలిసి బతికిన దంపతులను చూస్తూనే ఉన్నాం. వారి చేతికి రాయి లేదు, వారి మాటకు పగులు లేదు. ఉంగరం పెట్టుకునేవారు వారిని చూసి నేర్చుకోవాల్సింది అదే. రాయి గనిలో పుట్టినా గదిలో పుట్టినా దేవుని ముందు సమానమే. ఆయన పరిశీలించేది ఆ ఉంగరం తొడుగుతూ మనం పలికే మాటను. ఆ మాట నిజమైతే సాదా బంగారు ఉంగరమైనా చాలు. అది అబద్ధమైతే కోహినూరు తెచ్చి పొదిగినా ఆ కాపురానికి వెలుగు రాదు.