హాబీ లేని హీరో

మన సినిమా హీరోకి ఒకటే హాబీ: హీరోయిన్. పొద్దున్నే ఆమె ఎక్కే బస్సు ఎక్కుతాడు, సాయంత్రం ఆమె వీధి చివర టీ కొట్టు దగ్గర కాపు కాస్తాడు. ఈ మధ్యలో అతను ఏం చేస్తాడో, ఏం చేస్తుంటే అతనికి ఒళ్లు తెలియదో రెండున్నర గంటలు చూసినా మనకు తెలియదు. హీరోయిన్‌కి ఇంకా అన్యాయం. మొదటి సీన్‌లో కూచిపూడి చేస్తూనో కుంచె పట్టుకునో కనిపిస్తుంది. పాట అయిపోగానే ఆ గజ్జెలూ కుంచే ఎటు పోయాయో దర్శకుడికీ గుర్తుండదు, ఆమెకీ గుర్తుండదు.

అందుకే ఇంగ్లిషులో ‘యంగ్ అడల్ట్’ అనే అరలో దొరికే నవలల్ని మన టీనేజీ పిల్లలు వదలకుండా చదువుతుంటే నాకు ఆశ్చర్యం వేయదు. అట్ట మీద అబ్బాయి, అమ్మాయి బొమ్మ చూసి ‘అన్నీ లవ్ స్టోరీలే’ అని తేల్చేస్తారు పెద్దలు. లవ్ ఉంటుంది, కాదనను. కానీ పిల్లలు తమను పోల్చుకునేది అక్కడ కాదని నా అభిప్రాయం. తొలిప్రేమలో గుండె దడ నెబ్రాస్కాలోనైనా నెల్లూరులోనైనా ఒకలాగే ఉంటుంది. ఈ పిల్ల వేరు, ఆ పిల్ల వేరు అని తెలిసేది, ఏ పనిలో పడితే ఎవరికి అన్నం గుర్తుండదో చెప్పినప్పుడే.

రెయిన్‌బో రోవెల్ 2013లో రాసిన ‘ఫ్యాన్‌గర్ల్’ చూడండి. కాథ్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి నెబ్రాస్కా యూనివర్సిటీలో చేరుతుంది. ఇన్నాళ్లూ ఒకే గదిలో పెరిగిన కవల సోదరి రెన్, హాస్టల్లో నీతో ఉండనంటుంది. డైనింగ్ హాలుకి ఒంటరిగా వెళ్లడానికి బెరుకు. పళ్లెం ఎక్కడ తీసుకోవాలో, ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక గదిలోనే ప్రొటీన్ బార్లు, వేరుశెనగ వెన్నతో సరిపెట్టుకుంటుంది. హాస్టల్ మెస్‌లో మొదటి వారం గడిపిన ఎవరికైనా ఈ పేజీలు వేరే దేశపు కథలా అనిపించవు.

అలాంటి పిల్లకి ఒకటే ధైర్యం. సైమన్ స్నో అనే మాంత్రిక బాలుడి నవలలంటే ఆమెకు ప్రాణం (ఆ సిరీస్ రోవెల్ కల్పనే, హ్యారీ పాటర్ పోలికలు దాగవు). ఆ పాత్రలతో తనదైన కథ అల్లుతూ వేలమంది చేత చదివిస్తుంటుంది. క్లాసులో అలాంటి కథే ఇస్తే ప్రొఫెసర్ దాన్ని దొంగతనం కింద జమ కట్టేస్తుంది. తన ప్రాణమంతా పెట్టిన పనిని తను గౌరవించే మనిషే చిల్లరపని అనడం ఎలా ఉంటుందో రోవెల్ తొందరపడకుండా రాసింది. ముద్దు కంటే ఆ సన్నివేశమే నన్ను ఎక్కువసేపు పట్టుకుంది.

ముద్దు కూడా హాబీ దారిలోనే వస్తుంది. లీవై అనే కుర్రాడికి పుస్తకం చూసి చదవడం కష్టం, వింటే మాత్రం బుర్రకెక్కుతుంది. పరీక్ష కోసం కాథ్ అతనికి ‘ది అవుట్‌సైడర్స్’ నవల పైకి చదివి వినిపిస్తుంది. ఆ రాత్రే ఇద్దరూ దగ్గరవుతారు. రోవెల్ ఆ పుస్తకాన్నే తేవడం ఊరికే కాదనిపిస్తుంది. టల్సా పట్టణపు ఎస్.ఈ. హింటన్ దాన్ని పదిహేనేళ్ల వయసులో మొదలుపెట్టింది. తన తోటివాళ్ల బతుకు ఏ పుస్తకంలోనూ లేదని విసుగెత్తి రాసిన ఆ నవల 1967లో అచ్చయింది. ఇవాళ అమెరికాలో ఈ అరంటూ ఒకటి ఉందంటే అందులో ఆ హైస్కూలు పిల్ల వాటా పెద్దది.

పిల్లలకు పుస్తకం అద్దం కావాలని, పక్కవాళ్ల బతుకు చూపే కిటికీ కూడా కావాలని రుడిన్ సిమ్స్ బిషప్ 1990లో రాసింది. అద్దం అంటే మన పేరు, మన రంగు ఉంటే చాలనుకునేవాళ్లు ఆ మాటను సగమే విన్నట్టు. సంధ్యా మీనన్ 2017 నవల ‘వెన్ డింపుల్ మెట్ రిషి’లో భారతీయ పేర్లున్నాయి, సంబంధాలు చూసే తల్లిదండ్రులున్నారు. వాటికోసమే అయితే సీరియల్ చూసుకోవచ్చు. డింపుల్ మన పిల్ల అనిపించేది ఆమె తయారుచేయాలనుకునే యాప్ వల్ల. షుగర్ ఉన్న తండ్రి మందులు మానకుండా చూడటానికి ఆమె కోడింగ్ చేస్తుంది. రిషికి బొమ్మల కథలు గీయడం ప్రాణం, సీటు మాత్రం ఎమ్ఐటీలో. ‘ముందు సీటు రానీ, బొమ్మలు తర్వాత వేసుకోవచ్చు’ అనే మాట తెలుగిళ్లలో ఎవరు వినలేదు? ఈ నవల ఆధారంగా వచ్చిన ‘మిస్‌మ్యాచ్డ్’ సిరీస్ 2024లో మూడో సీజన్‌కి హైదరాబాద్ దాకా వచ్చింది. మాట్లాడింది మాత్రం హిందీ, ఇంగ్లిషు.

తెలుగులో ఈ వయసుకి అర లేదు. ‘బుడుగు’ మూశాక చేతికందేది ‘సెక్రటరీ’. అది రాసిన యద్దనపూడి సులోచనారాణిని తక్కువ చేయను. నవల పేరే హీరోయిన్ ఉద్యోగం కావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. పాఠ్యపుస్తకం మధ్య దాచి చదివిన అమ్మాయిలకు ఆ పేజీల్లో కనిపించింది తాము కావాలనుకున్న మనిషి. అప్పటికి తామున్న మనిషి కాదు. సులోచనారాణి 2018లో కాలిఫోర్నియాలోని కుపర్టినోలో కన్నుమూశారు. డింపుల్, రిషి కలుసుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో అక్కడికి గంట దారి. ఆమె పాఠకుల మనవరాళ్లు కొందరు ఇప్పుడు ఆ చుట్టుపక్కలే డింపుల్ కథ చదువుతున్నారు, ఇంగ్లిషులో.

ఉన్నంతలో సినిమాయే ఒక్కోసారి దగ్గరకొచ్చింది. వెంకటేష్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో (2018) బడిపిల్లలు సుందరం, సునీతల మధ్య ఉన్నది పాట. అమ్మాయి బడిలో సినిమా పాట పాడటమే తండ్రికి కోపం తెప్పించింది. ఆ పిల్లాడికి ఆమెను దూరం చేసింది కూడా అదే.

మన ఇంటర్ పిల్లలకు హాబీ ఎక్కడ, నవలలో పెట్టడానికి, అని ఒక రచయిత మిత్రుడు అడిగాడు. పొద్దున్న స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. న్యాయమైన ప్రశ్నే. కానీ రఫ్ నోట్సు చివరి పేజీలు తిప్పి చూస్తే జవాబు దొరుకుతుంది. ఫిజిక్స్ లెక్కల వెనక చీర అంచుల డిజైన్లుంటాయి, సగం రాసిన ర్యాప్ పాటలుంటాయి, ఊహలో ఆడించిన ఐపీఎల్ స్కోరుకార్డులుంటాయి. వార్డెన్ లాక్కునేది సెల్‌ఫోన్‌నే కాబట్టి ఇవి బతికిపోతున్నాయి. మన వారపత్రికల్లో పిల్లల పేజీ ఉంది, మహిళల పేజీ ఉంది. ఆ నోట్సు రాసుకున్న పదహారేళ్ల మనిషికి మాత్రం జాగా లేదు.

ఇలాంటి నవలలొస్తే పిల్లలు ప్రేమల్లో పడిపోతారని భయపడే తల్లిదండ్రులుంటారు. వాళ్లకు ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ముద్దు సన్నివేశాలు చదివి ఆగిపోవద్దు, చివరిదాకా చదవండి. డింపుల్ కథ చివర్లో రిషి ఎమ్ఐటీ సీటు వదిలేసి ఆర్ట్ చదువుకోవడానికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిపోతాడు. అది చదివాక కూడా ఆ పుస్తకాన్ని కొడుకు చేతికి తిరిగిచ్చే తండ్రి మన కాలనీలో ఎవరైనా ఉన్నారా అన్నది నా అనుమానం.